స్మారకం కోసం సొంత స్థలం లాక్కోవచ్చా?

చెరువుకట్ట (తిరుపతి): జయలలిత గారి వేద నిలయం కేసు గుర్తుందా? పోయెస్ గార్డెన్ ఇంటిని స్మారకం చేస్తామని తమిళనాడు ప్రభుత్వం 2020లో పరిహారం కింద కోర్టులో దాదాపు 68 కోట్లు కట్టింది. వారసులు ఒప్పుకోలేదు. 2021 నవంబరులో మద్రాసు హైకోర్టు ఆ సేకరణను కొట్టేసింది. చెన్నై మెరీనా బీచ్‌లో ఆమెకు ఒక స్మారకం ఉండగా రెండోది దేనికని అడిగింది. నాకైతే తీర్పు సబబే అనిపించింది.

గుడిపాల మామిడి: 68 కోట్లు చేదా? హైవేకి మా తోట సగం పోతే ఇచ్చింది చూస్తే నవ్వుతారు.

చెరువుకట్ట: రోడ్డు వేరన్నా. అది లేకపోతే జనానికి ఇబ్బంది. స్మారకం లేకపోతే ఎవరికి ఇబ్బంది?

గుడిపాల మామిడి: 2013 భూసేకరణ చట్టంలో టూరిజం ప్రాజెక్టు కూడా ప్రజాప్రయోజనమే. చదివి మాట్లాడండి. పైగా మార్కెట్ విలువ మీద 100 శాతం సొలేషియం, అంటే ఊరట కింద అదనపు పరిహారం.

చెరువుకట్ట: ఏ మార్కెట్టు? కాగితాల్లో ఉన్నదా, ఊళ్లో పలికేదా? ఒక నాయకుడి విగ్రహం, పార్కు అని మా నాయన దగ్గర 9 సెంట్లు తీసుకున్నారు. ఇప్పుడక్కడ ముళ్లకంప తప్ప ఏమీ లేదు.

కొర్లగుంట కుర్రోడు: పందులు కూడా ఉంటాయేమో చూడండి.

గుడిపాల మామిడి: స్టాంపు డ్యూటీ మిగులుతుందని అప్పట్లో తక్కువ రాయించుకుని ఉంటారు. ఆ రేటే వచ్చింది.

చెరువుకట్ట: మా నాయన జోలికొస్తే బాగుండదు. చచ్చిపోయిన మనిషి.

ప్లీడరు గుమస్తా: ఇద్దరూ ఆగండి. ఏ సంవత్సరంలో తీసుకున్నారు? 2014కి ముందే అంతా అయిపోయుంటే 1894 నాటి చట్టం. కొత్త చట్టం కిందైతే 101వ సెక్షన్ చూడాలి. ఐదేళ్లు వాడకుండా వదిలేస్తే భూమి పాత యజమానికో, ప్రభుత్వ ల్యాండ్ బ్యాంకుకో పోవాలి. మనకే వస్తుందని గ్యారంటీ లేదు.

గుడిపాల మామిడి: అది పక్కన పెట్టండి. మంచి రేటిచ్చి, విగ్రహమూ పెట్టుంటే ఒప్పుకునేవాళ్లా?

చెరువుకట్ట: ఒప్పుకోను. ఆ నాయకుడికి మా ఇంట్లో ఎవరూ ఓటేసినోళ్లు కాదు. ఆయన విగ్రహానికి మా స్థలమా?

గుడిపాల మామిడి: అట్లా చెప్పండి! ఇంతసేపూ సెంట్లు, రేట్లు అంటూ తిప్పారు. మా చెరువుకు నీళ్లు తెప్పించింది ఆయనే.

చెరువుకట్ట: అయితే మీ తోటలో పెట్టుకోండి.

గుడిపాల మామిడి: పెడతామంటే మిగిలిన సగంలో పైసా తీసుకోకుండా ఇస్తా. రాసుకోండి.

చెరువుకట్ట: మీరు ఇస్తారు. మమ్మల్ని అడగను కూడా అడగలేదు.

ప్లీడరు గుమస్తా: చెరువుకట్ట గారూ, అవార్డు కాపీ, అదే పరిహారం ఖరారు చేసిన ఉత్తర్వు, ఉందా లేదా? సంవత్సరం ఇంకా చెప్పలేదు మీరు.