అప్‌డేట్: సాంతోంజ్ పల్లెల్లో మధ్యయుగపు చర్చిలు చూసి వచ్చాం

ఫ్రాన్స్ పల్లెల్లోని పాత చర్చిలకు తాళాలు వేసి ఉంటే లోపలికి వెళ్లడం ఎలా అని ఇంతకుముందు అడిగాను. ఊరి మేయర్ కార్యాలయంలో విచారించమని సూచించినవారి మాటే పనికొచ్చింది. చర్చిని, ప్రభుత్వాన్ని వేరుచేసిన 1905 నాటి చట్టం తరువాత అంతకుముందున్న పల్లె చర్చిలు సాధారణంగా కమ్యూన్ (ఊరి స్థానిక పాలనా సంస్థ) ఆస్తి అయ్యాయి కాబట్టి, తాళంచెవి తరచుగా ఆ కార్యాలయంలోనో, చర్చి పక్కింటివారి దగ్గరో ఉంటుంది. అయితే చిన్న ఊళ్లలో కార్యాలయం వారంలో కొన్ని గంటలే తెరుస్తారు కనుక ముందుగా ఫోన్ చేసుకోవడం మేలు.

మేము పశ్చిమాన ఉన్న సాంతోంజ్ ప్రాంతాన్ని ఎంచుకున్నాం. స్పెయిన్‌లోని క్రైస్తవ పుణ్యక్షేత్రం సాంటియాగో దె కొంపోస్టెలాకు వెళ్లే యాత్రామార్గాలలో భాగంగా 1998లో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కిన ఓల్నే చర్చి 12వ శతాబ్దానిది. దాని దక్షిణ ద్వారంపై తోరణాలు ఒకదాని వెనుక ఒకటిగా లోపలికి సాగుతాయి. అన్నిటికన్నా పై వరుసలోని వింత జంతువుల మధ్య తంత్రీవాద్యం పట్టుకున్న గాడిదను వెతికి పట్టుకోవడానికి మాకు చాలాసేపు పట్టింది. లోపల ఒక స్తంభశీర్షంపై ఏనుగులను చెక్కి, ఇవి ఏనుగులని లాటిన్‌లో పేరు కూడా రాశారు. గుడి గోడలపై గజవరుసలు చూస్తూ పెరిగిన మనకు, ఆ శిల్పి ఏనుగును ఎన్నడూ చూసి ఉండడనిపిస్తుంది (అయినా ముచ్చటగానే ఉన్నాయి).

జిరోండ్ నదీముఖం ఒడ్డున, కొండ అంచున నిలిచిన తాల్మోన్ చర్చి బయటినుంచే ఎక్కువ అందం. వెళ్లదలచినవారు కారు అద్దెకు తీసుకోండి, శిల్పాలు చాలా ఎత్తున ఉంటాయి కనుక బైనాక్యులర్స్ తప్పక ఉంచుకోండి.