అరగంటలో పనిచేసే మూలికల పొడి: రుజువులు ఉన్నాయా?

మల్కాజ్‌గిరి వాసి:
వయసు 46. షుగర్‌కు మెట్‌ఫార్మిన్, బీపీకి అటెనోలాల్ వాడుతున్నాను. ఆర్నెల్లుగా అంగస్తంభన సరిగా లేదు. ఒక మూలికల దుకాణంలో అశ్వగంధ, పల్లేరు, శిలాజిత్ కలిపిన పొడి ఇస్తామన్నారు, అరగంటలో గుణం కనిపిస్తుందట. మనుషుల మీద చేసిన పరీక్షలు ఏం తేల్చాయి?

పసరువేరు:
ముందు ఆ 'అరగంట' మాట దగ్గర ఆగండన్నా. ఈ మూడింటి మీద పరీక్షలన్నీ వారాలు, నెలల లెక్కన జరిగినవే. అరగంటలో పనిచేసిందంటే సిల్డెనాఫిల్ (వయాగ్రాలో ఉండే మందు) కలిపారేమోనని అనుమానించాలి. మూలికల పేరుతో అమ్మే సరుకులో ఆ మందు దొరుకుతోందని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఎన్నోసార్లు హెచ్చరించింది. ఒక్కో పొట్లంలో ఎంత పడిందో చెప్పలేం.

అశ్వగంధ విషయానికొస్తే, 2013లో శుక్రకణాలు తక్కువున్న 46 మంది మీద పరీక్ష జరిగింది. మందు ఇచ్చినవాళ్లకు వేరు సారం రోజుకు 675 మి.గ్రా., మూడు పూటలుగా, 90 రోజులు. కణాల సంఖ్య పెరిగింది. కానీ అది సంతానం సంగతి, స్తంభనది కాదు. ప్రకటనల్లో ఈ రెంటినీ ఒకటి చేసేస్తారు. పైగా వాడింది సారం, దుకాణపు పొడిని అదే తూకంలో వేసుకుంటే సమానం కాదు. కాలేయం దెబ్బతిన్న కేసులూ ఉన్నాయి. కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగుకు మారినా వెంటనే ఆపాలి.

పల్లేరుతో 2017లో 180 మందిపై 12 వారాల పరీక్షలో స్తంభనలో కొంత మెరుగు కనిపించింది. టెస్టోస్టిరాన్ (మగ హార్మోన్) పెంచుతుందన్న మాట మాత్రం ఆరోగ్యవంతుల్లో నిలబడలేదు. శిలాజిత్‌కు శుద్ధి చేసినది 250 మి.గ్రా. రెండు పూటలా 90 రోజులు ఇచ్చి హార్మోన్ పెరిగిందన్నారు. అదీ చిన్న పరీక్షే.

గుండెచప్పుడు:
గుండెనొప్పికి సార్బిట్రేట్ వాడేవాళ్లు ఇలాంటి పొడి తాకొద్దు. సిల్డెనాఫిల్ తోడైతే బీపీ ప్రమాదకరంగా పడిపోతుంది.

అంగానికి వెళ్లే రక్తనాళాలు గుండె నాళాలకంటే సన్నం, అందుకే పూడిక ముందు ఇక్కడ బయటపడుతుంది. హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు), కొలెస్ట్రాల్, బీపీ చూపించుకోండి. టెస్టోస్టిరాన్‌కు పొద్దున 10 లోపే రక్తం ఇవ్వాలి, తక్కువొస్తే మరో రోజు మళ్లీ. మెట్‌ఫార్మిన్ చాన్నాళ్లుగా వాడుతుంటే విటమిన్ బీ12 తగ్గొచ్చు, అదీ చూపించుకోండి.

మల్కాజ్‌గిరి వాసి:
అటెనోలాల్ ఆపేసి చూడనా?

గుండెచప్పుడు:
వద్దండీ. దానివల్ల కొందరికి స్తంభన తగ్గే మాట నిజమే, కానీ ఉన్నట్టుండి మానేస్తే గుండెకు ముప్పు. మాత్ర మార్చడం డాక్టర్‌ చేతుల్లోనే జరగాలి.

పసరువేరు:
ఆయుర్వేదమే కావాలంటే ఎర్రగడ్డ ప్రభుత్వ ఆయుర్వేద ఆసుపత్రిలో చూపించుకోండి, మీ మాత్రల చీటీ వెంట తీసుకెళ్లండి. తయారీ లైసెన్స్ నంబరు, బ్యాచ్ నంబరు లేని పొట్లం కొనొద్దు. సీసం, పాదరసం కలిసిన సరుకూ మార్కెట్లో దొరికింది.