కొవ్వెక్కిన గుండెకు సత్తువ ఎందుకుండదు?

ఒక ఆరోగ్య వ్యాసాన్ని తెలుగు చేస్తూ ‘కొవ్వు’ దగ్గర ఆగిపోయాను. మీ సాయం కావాలి.

మన వాడుకలో కొవ్వు అంటే బలం ఎక్కువైపోవడం. “వాడికి కొవ్వెక్కింది” అంటాం. పాత రూపం ‘క్రొవ్వు’కు మదం అనే అర్థం కూడా ఉంది. తిన్నది ఖర్చు కాక, మనిషిని కుదురుగా ఉండనివ్వని బలం అన్నమాట.

హార్ట్ ఫెయిల్యూర్ వచ్చిన గుండెలో ఇది తిరగబడుతుంది. 300 గ్రాముల గుండె రోజుకు సుమారు 6 కిలోల ఏటీపీ (కణాలకు శక్తినిచ్చే పదార్థం) తయారుచేసి వాడేస్తుంది. నిల్వ కొన్ని క్షణాలకే సరిపోతుంది, ఎప్పటికప్పుడు చేసుకోవాల్సిందే. అందుకు ముఖ్య ఇంధనం కొవ్వు ఆమ్లాలే. కానీ అంతే ఏటీపీకి గ్లూకోజు కంటే కొవ్వు ఎక్కువ ఆక్సిజన్ అడుగుతుంది. రక్తం సరిగా అందని గుండెకు కొరత ఆక్సిజన్‌దే కదా! ఊబకాయం, షుగర్ ఉంటే గుండె ఇన్సులిన్ మాట సరిగా వినదు, గ్లూకోజును అంతగా వాడుకోలేదు. వచ్చిపడిన కొవ్వంతా మండదు. బొట్లు బొట్లుగా కణాల్లో పేరుకుంటుంది, కొంత సెరమైడ్ల వంటి హాని చేసే కొవ్వు పదార్థాలుగా మారి, కణాల్లో ఏటీపీని తయారుచేసే మైటోకాండ్రియానే దెబ్బతీస్తుంది. చుట్టూ ఇంధనం ఉన్నా గుండెకు సత్తువ ఉండదు.

ఇక హార్ట్ ఫెయిల్యూర్‌కు రాసే ‘గుండె వైఫల్యం’ అనే మాట. మా మేనత్త తన రిపోర్టులో ఆ మాట చూసి, “అంటే నా గుండె ఆగిపోతోందా?” అని నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆగిపోవడం వేరే జబ్బు. ఇది రక్తాన్ని కావలసినంత పంపలేకపోవడం. ‘గుండె సత్తువ తగ్గడం’ అంటే ఆమె అంత భయపడేది కాదు.

వ్యాఖ్య: ‘గుండె నీరసం’ అంటే ఇంకా చిన్నగా ఉంటుంది కదండీ? లైపోటాక్సిసిటీకి, అంటే పేరుకున్న కొవ్వు కణాలకు చేసే హానికి, ‘కొవ్వు విషం’ సరిపోతుందేమో.

జవాబు: నీరసం అంటే రెండు రోజుల్లో పోయేదనుకుని మందులు మానేస్తారేమోనని భయమండీ. సత్తువ తగ్గిందంటే కనిపెట్టుకుని ఉంటారు. ‘విషం’ కూడా వద్దనిపిస్తోంది. గుండె రోజూ బతికేది ఆ కొవ్వు మీదే, మండకుండా మిగిలిందే హాని చేస్తుంది. ‘కొవ్వు చేటు’ అని రాస్తున్నాను. అతి వల్ల వచ్చే నష్టం ఆ మాటలోనే వినిపిస్తోంది.