జేబులో మల్టీటూల్: పనికొచ్చే వస్తువా, ఖరీదైన సరదానా?

సర్వర్‌రూమ్:
మల్టీటూల్ అంటే ప్లేయర్, కత్తి, స్క్రూ డ్రైవర్ లాంటివన్నీ పిడుల్లోకి మడిచిపెట్టిన ఒకే వస్తువు, లెదర్‌మ్యాన్ దాన్ని చేసే కంపెనీ. మొన్న వేరే చర్చలో ఒకాయన "పది వేలు దాటే డబ్బు పోసి లెదర్‌మ్యాన్ కొనడం శుద్ధ దండగ, ఆ డబ్బుతో ఇంటినిండా పనిముట్లు వస్తాయి" అన్నారు. దాని మీద నాలుగు మాటలు నడిచి ఆగిపోయాయి, విషయం తేలలేదు, అందుకే ఇక్కడ విడిగా పెడుతున్నా. నా దగ్గర లెదర్‌మ్యాన్ వేవ్ ప్లస్ మోడల్ ఉంది, ఆఫీసుకెళ్తే బెల్టుకే ఉంటుంది. దండగ అని నేను అనను. కానీ దాన్ని పొగిడేవాళ్లు చెప్పే కారణాలు కూడా నాకు మింగుడు పడవు.

ముందు ఆ 18 లెక్క చూడండి. 18 పనిముట్లు ఉన్నాయని కంపెనీ చెబుతుంది. అందులో ఒక్క ప్లేయర్ మూతినే ఆరుగా లెక్కేశారు: సన్నమూతి ప్లేయర్, మామూలు ప్లేయర్, వైర్ కట్టర్, గట్టి వైర్‌కి ఇంకో కట్టర్, క్రింపర్ (వైరు కొసకి లగ్గు నొక్కేది), స్ట్రిప్పర్ (వైరు తొక్క ఒలిచేది). ఆకురాయికి రెండు వైపులున్నాయి కాబట్టి రెండు. డబ్బా కోసేది, సీసా మూత తీసేది ఒకే ముక్క, అదీ రెండే. పిడి మీద గీసిన స్కేలు కూడా ఒక పనిముట్టే! నిజంగా మడత విప్పి వాడే ముక్కలు తొమ్మిది, ప్లేయర్‌తో కలిపి పది.

నేను చూసేది వేరు. కావలసిన ముక్క ఎంత తొందరగా చేతికొస్తుంది, రెండో చెయ్యి ఖాళీ లేనప్పుడు అసలు వస్తుందా రాదా. 1983లో అమ్మకానికొచ్చిన మొదటి లెదర్‌మ్యాన్‌లో కత్తి కావాలంటే పిడులు విప్పి, లోపల్నించి గోటితో లాగి, మళ్లీ పిడులు మూయాలి. 1998లో వేవ్ వచ్చాక కత్తులు పిడి బయటి వైపుకి వచ్చాయి, బొటనవేలితో తోస్తే తెరుచుకుంటాయి. ఆఫీసులో సర్వర్లుండే ర్యాక్ వెనక ఒక చేత్తో కేబుళ్ల గుత్తి పట్టుకుని ఇంకో చేత్తో దాన్ని కట్టిన ప్లాస్టిక్ టై కోయాల్సొచ్చినప్పుడు ఈ తేడా తెలుస్తుంది. అంతా బాగానే ఉంది గానీ స్క్రూ డ్రైవర్‌ని మాత్రం లోపలే ఉంచేశారు. నేను కత్తి కంటే దాన్నే ఎక్కువ వాడతా, మరి దాన్నెందుకు దాచిపెట్టారో. మీరేమంటారు?

వైర్‌మ్యాన్:
అన్నా, ఆ ఒకాయన నేనే. మాట వెనక్కి తీసుకోను.

నాది వైరింగ్ పని. టెస్టర్, పొడుగు స్క్రూ డ్రైవర్, కటింగ్ ప్లేయర్, ఈ మూడూ ఉంటే సగం పని అయిపోయినట్టే. మీ మల్టీటూల్ పిడులు నిలువెల్లా స్టీలు. 230 వోల్టుల దగ్గర దాంతో చెయ్యి పెట్టమంటే పెట్టను, మెయిన్ ఆపినా పెట్టను, ఎందుకంటే మెయిన్ ఆపినా ఇన్వర్టర్ లైను అదే బోర్డులో బతికే ఉంటుంది, ఏ వైరు ఎటు కలిపారో ఆ ఇంటివాళ్లకి కూడా తెలీదు. టెస్టర్ పెట్టి చూస్తే తప్ప నమ్మకూడదు. మరి మీ 18లో టెస్టర్ ఉందా?

ఇక స్క్రూ డ్రైవర్ సంగతి. మాడ్యులర్ స్విచ్ వెనక వైరు బిగించే టెర్మినల్ స్క్రూ సన్నటి రంధ్రం అడుగున ఉంటుంది. మీ బిట్ (డ్రైవర్ కొసన పెట్టే ముక్క) పొట్టిది, దాని వెనకున్న పిడి నా బొటనవేలి కన్నా లావు, రంధ్రం నోటి దగ్గరే ఆగిపోతుంది. పోనీ బోర్డు మూల స్క్రూ తిప్పుదామంటే పిడి గోడకి కొట్టుకుంటుంది, పావు చుట్టు తిప్పడం, తీయడం, మళ్లీ పెట్టడం. పైగా డ్రైవర్ పిడికి నడిమధ్యన లేకుండా ఒక అంచున ఉంటుంది కాబట్టి నొక్కుడు నిటారుగా దిగదు, స్క్రూ గాడి అరిగిపోతుంది. అరిగిన స్క్రూ తీయడానికి మళ్లీ మమ్మల్నే పిలుస్తారు. నాసిక్ తపారియా వాళ్ల కటింగ్ ప్లేయర్ నాలుగైదు వందల్లో వస్తుంది, పిడికి తొడుగు ఉంటుంది, ఏళ్లకేళ్లు పనిచేస్తుంది.

పాతసామాను:
వైర్‌మ్యాన్ గారు చెప్పిన లోపాలు నిజమే. అయితే అసలు ఏ పని కోసం పుట్టిందో చూడకుండా తీర్పు చెప్పేస్తే ఎలా? 1975లో టిమ్ లెదర్‌మ్యాన్ అనే ఆయన భార్యతో కలిసి ఒక పాత ఫియట్ కారు వేసుకుని యూరప్ తిరిగాడు. కారు మాటిమాటికీ మొరాయించేది, దిగిన చౌక హోటళ్లలో నీళ్ల పైపులు కారేవి, ఆయన జేబులో ఉన్నది స్కౌట్ పిల్లల కత్తి ఒక్కటే. కత్తితో ఏదో ఒకటి చేసేవాడు గానీ ప్రతిసారీ ప్లేయర్ లేక ఆగిపోయేవాడు. ఇంటికొచ్చి ప్లేయర్ ఉన్న కత్తి తయారు చేస్తే కత్తుల కంపెనీలు ఇది పనిముట్టు మాకొద్దు అన్నాయి, పనిముట్ల కంపెనీలు ఇది కత్తి మాకొద్దు అన్నాయి. చివరికి స్నేహితుడితో కలిసి 1983లో తనే కంపెనీ పెట్టుకున్నాడు. అంటే ఇది మొదట ప్లేయర్, మిగతావన్నీ దాని పిడుల్లో ఖాళీ ఉంది కదా అని సర్దినవి. స్క్రూ డ్రైవర్ లోపలికి పోవడానికి కారణం అదే.

స్విస్ కత్తిది వేరే కథ. 1891లో స్విస్ సైన్యానికి ఇచ్చిన కత్తిలో ఒక అలుగు, డబ్బా కోసేది, స్క్రూ డ్రైవర్, రంధ్రం చేసే మొన ఉండేవి. సిపాయి భోజనం డబ్బా తెరవాలి, తుపాకీ విప్పి శుభ్రం చేసుకోవాలి, అంతే. అక్కడ స్క్రూ డ్రైవర్ మొదటి రోజు నుంచీ ముఖ్యం. అందుకే ఈ రోజుకీ స్విస్ కత్తిలో సీసా మూత తీసే ముక్క కొసని స్క్రూ డ్రైవర్‌గా వాడుకోవచ్చు, గోటితో ఒక్క లాగుడుకి బయటికొస్తుంది. సర్వర్‌రూమ్ గారికి కావలసింది బహుశా అదే, బెల్టుకి ఆ బరువు మోయడం దేనికి?

నిమ్మతోట:
తమ్ముడూ వైర్‌మ్యాన్, నువ్వు పనిముట్ల సంచి భుజాన వేసుకుని పనికెళ్తావు. నేను తోటలోకి సంచి తీసుకెళ్లను, చేతులూపుకుంటూ వెళ్తా. మాది గూడూరు వైపు, నిమ్మ. పొద్దున నీళ్లు వదిలి వరసలు చూసుకుంటూ పోతే ఎక్కడో ఒకచోట ఉడుత డ్రిప్ లేటరల్ (వరస వెంట వేసే సన్న పైపు) కొరికి ఉంటుంది, నీళ్లు పిచికారీలా పైకి లేస్తుంటాయి. కొరికిన ముక్కని రెండు వైపులా కత్తితో సూటిగా కోసి మధ్యలో జాయినర్ పెట్టాలి. ఎండ ఎక్కాక అయితే పైపు మెత్తబడి చేత్తోనే దిగుతుంది, పొద్దున్నే మాత్రం బిర్రుగా ఉంటుంది, ప్లేయర్‌తో జాయినర్‌ని పట్టుకుని తిప్పుతూ తోయాల్సిందే. కత్తీ ప్లేయర్ రెండూ కావాలి, రెండూ ఒక్కదాన్లో ఉన్నాయి. షెడ్డుకి పోయి ప్లేయర్ తెచ్చుకోమంటే రానూపోనూ టైమ్ ఎంత, ఈలోపు ఎన్ని నీళ్లు పోతాయి?

ఇంకోటి. నిమ్మ ముల్లు రబ్బరు చెప్పు అడుగు నుంచి దిగి లోపలే విరుగుతుంది. మొన పైకి రవ్వంత తేలుతుంది, అడుగు పడినప్పుడల్లా చురుక్కుమంటుంది, గోటికి దొరకదు. సన్నమూతి ప్లేయర్‌తో ఆ రవ్వంతని పట్టి లాగితే అంగుళం ముల్లు వస్తుంది. ఈ ఒక్క పనికే నాకు డబ్బులు వసూలైపోయాయి అనుకో.

కాకపోతే వేవ్ ప్లస్ 241 గ్రాములు. లుంగీ మీదున్నప్పుడు దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో ఆ కంపెనీ వాళ్లు ఆలోచించినట్టు లేరు.

స్ప్లెండర్:
బాబాయ్ లుంగీ పాయింట్‌కి దండం 😀

బండి మీద తిరిగేవాళ్ల తరఫున ఒక హెచ్చరిక. దీని ప్లేయర్‌తో నట్లు విప్పకండి. పానా పెట్టాల్సిన చోట ప్లేయర్ పెడితే నట్ మూలలు అరిగి గుండ్రంగా తయారవుతుంది, ఆ తర్వాత సరైన పానా తెచ్చినా పట్టదు. బండితో పాటు ఇచ్చిన టూల్ కిట్ సీటు కింద ఉంటే చాలు. పెట్రోల్ పైపు క్లిప్ నొక్కి జరపడానికి, తెగిన కేబుల్ కొస పట్టుకుని లాగడానికి మాత్రం మల్టీటూల్ బాగుంటుంది.

కుట్టుమిషన్:
ఇంతమంది మాట్లాడారు, ఒక్కరూ కత్తెర ఊసెత్తలేదు. ప్లేయర్, ప్లేయర్ అని ఒకటే గోల. నా హ్యాండ్‌బ్యాగులో ఉండేది స్విస్ వాళ్ల క్లాసిక్ అనే చిన్న మడత కత్తి, మూస్తే 58 మిల్లీమీటర్లు, తాళంచెవుల రింగుకి వేలాడుతుంది. రోజూ వాడేది కత్తెరే. మందుల స్ట్రిప్‌లోంచి రెండు బిళ్లలు కోసివ్వడం, పిల్లల చొక్కా గుండీ దగ్గర వేలాడే దారం, షాంపూ ప్యాకెట్, బట్టల ట్యాగు. ట్యాగు దారాన్ని కత్తితో కోయబోతే బట్ట చిరుగుతుంది, కత్తెరకి ఆ భయం లేదు. పైగా పదిమందిలో కత్తి తీస్తే అందరూ తలతిప్పి చూస్తారు, కత్తెర తీస్తే "అమ్మా ఇటివ్వండి, మాకూ ఒకసారి" అంటారు. నన్నడిగితే దీని డిజైన్‌లో గొప్పతనమంతా ఆ చిన్న స్ప్రింగ్‌లో ఉంది. నొక్కి వదలగానే కత్తెర దానంతటదే తెరుచుకుంటుంది. అది విరిగితే స్ప్రింగ్ ఒక్కటే కొని మార్చుకోవచ్చు, కత్తి మొత్తం పారేయక్కర్లేదు.

ఒక్క జాగ్రత్త. విమానం ఎక్కేటప్పుడు దీన్ని చెకిన్ సామానులో వేసెయ్యండి. నా మొదటిది సెక్యూరిటీ డబ్బాలోకి పోయింది, ఎంత బతిమాలినా ఇవ్వలేదు.

లీడ్స్ నుంచి:
అక్కా, మీరన్న ఆ "తలతిప్పి చూడటం" ఇక్కడ ఇంగ్లండ్‌లో ఏకంగా చట్టమే. మడత కత్తి అలుగు మూడంగుళాల లోపుండి, లాక్ పడకుండా మడిచేదైతే ఊరికే జేబులో పెట్టుకుని తిరగొచ్చు. లాక్ పడేదైతే ఎంత చిన్నదైనా సరే, బయట ఎందుకు పట్టుకు తిరుగుతున్నావో సరైన కారణం చూపించాలి. వేవ్‌లో కత్తికి లాక్ ఉంది. డిజైన్ పరంగా లాక్ మంచిదే కదా, వేళ్ల మీదికి మడుచుకోదు, అయినా అదే లాక్ వల్ల నేను దాన్ని ఇంట్లో వదిలి, లాక్ లేని క్యాడెట్ అనే స్విస్ కత్తి (84 మిల్లీమీటర్లు మూసినప్పటి పొడవు, అలుగుది కాదు) పెట్టుకుని తిరుగుతున్నా. ఇలాంటి చట్టాల వల్లే ఆ స్విస్ కత్తులు చేసే విక్టోరినాక్స్ వాళ్లు అసలు కత్తే లేని మోడల్ తెచ్చే ఆలోచనలో ఉన్నామని 2024లో చెప్పారు. నవ్వినవాళ్లే ఎక్కువ. కుట్టుమిషన్ అక్క లాంటివాళ్లకి అదే సరిపోతుందేమో.

సర్వర్‌రూమ్:
కత్తి లేకపోతే అట్టపెట్టెలు దేంతో తెరుస్తాం బ్రదర్, నాకు రోజూ అదే పని.

వైర్‌మ్యాన్ గారికి: బిట్ పొట్టిదన్న మాట నిజం. దానికి పొడుగు గొట్టం విడిగా అమ్ముతారు, పెడితే అందుతుంది. కానీ ఆ గొట్టం, దానికి బిట్ల పట్టీ, ఇవన్నీ ఇంకో జేబులో పెట్టుకుంటే ఒకే వస్తువులో అన్నీ ఉన్నాయనే మాటకి అర్థమే లేదు. బిట్లు కూడా వాళ్ల సొంత కొలతలో బల్లపరుపుగా చేసినవి, మన హార్డ్‌వేర్ షాపులో దొరికే మామూలు బిట్ మల్టీటూల్‌లో నేరుగా పట్టదు. నాకు అన్నిటికంటే చిరాకు తెప్పించేది ఇదే. 25 ఏళ్ల గ్యారంటీ ఇచ్చే కంపెనీ, బిట్ పోతే మాత్రం మళ్లీ మా దగ్గరికే రా అంటే ఎలా?

వైర్‌మ్యాన్:
చూశారా, మీరే నా దారిలోకొచ్చారు.

సరే, నిమ్మతోట బాబాయ్ చెప్పింది వేరే సంగతి, తోటలో నాకైనా పనికొస్తుంది, కాదనను. నా గొడవంతా ఇంట్లో వాడేవాళ్లతోనే. జేబులో ఉంది కదా అని ప్లగ్గు విప్పుతారు, ఫ్యాను రెగ్యులేటర్ విప్పుతారు. ఇంటికి టెస్టర్ ఒకటి, సన్న డ్రైవర్ ఒకటి కొనుక్కోండి, మిగిలిన డబ్బుతో ఏం కొనుక్కుంటారో మీ ఇష్టం. బాబాయ్, ఒక్కటి చెప్పు, ఎరువులూ నీళ్లూ తగిలే చోట అది తుప్పు పట్టదా?

నిమ్మతోట:
కత్తికి పట్టలేదు గానీ మడతల దగ్గర ఎర్రగా మరకలు వచ్చాయి. స్టెయిన్‌లెస్ అన్నా అసలు తుప్పే పట్టదని కాదు, ఎరువు చేత్తో ముట్టుకుంటే తిప్పలే. మందు చల్లిన రోజు రాత్రి మంచినీళ్లతో కడిగి, మడతలన్నీ విప్పి ఎండలో పెడతా. మడత బిగుసుకుంటే కుట్టుమిషన్ నూనె ఒక్క చుక్క, ఎక్కువ పోస్తే దుమ్మంతా పట్టేస్తుంది. వైర్లు కోసే అలుగులు మాత్రం బైండింగ్ వైరు కోసీ కోసీ గాట్లు పడ్డాయి. వేవ్ ప్లస్‌లో అవి ఊడదీసి కొత్తవి వేసుకునేలా ఉంటాయి కాబట్టి సరిపోయింది, తెప్పించుకుంటున్నా.