నోట్సులో టిక్కులన్నీ ఉన్నాయి, చదవడం మాత్రం రాలేదు. బడి మాన్పించి ఇంట్లోనే చెప్పుకోవచ్చా?

ప్రశ్న – మూడో క్లాసు అమ్మ

మా పాపకి ఎనిమిదేళ్లు, మూడో తరగతి. చాలా రోజులుగా లోపల్లోపల నలుగుతున్న విషయం ఇది. ఇంట్లో చెబితే "అందరు పిల్లలూ అంతే, వాళ్లే నేర్చుకుంటారులే" అంటున్నారు, అందుకే ఇక్కడ అడుగుతున్నాను.

పోయిన వారం తెలుగు పాఠం చదవమంటే గడగడా చదివేసింది. నాకెందుకో అనుమానం వచ్చి, పక్కనున్న బొమ్మని చేత్తో మూసి, పాఠం మధ్యలోంచి ఒక వాక్యం చూపించి ఇది చదువు అన్నాను. ఆగిపోయింది. మళ్లీ మొదటి లైను నుంచి అందుకుంటే తప్ప అక్కడిదాకా రాలేకపోయింది. అంటే విని విని పాఠమంతా నోటికి పట్టేసింది గానీ అక్షరాలు చూసి చదవడం లేదు. అదే పాఠంలోని మాటల్ని వేరే కాగితం మీద రాసిస్తే సగం కూడా రాలేదు.

తర్వాత లెక్కల నోట్సు తీశాను. ప్రతి పేజీలోనూ ఎర్ర సిరాతో టిక్కులే, ఒక్క తప్పు లేదు, ఎందుకంటే అన్నీ బోర్డు మీద చేసినవి చూసి ఎక్కించుకున్నవే. 52 లోంచి 27 తీసెయ్యి అంటే 35 అంది. తప్పమ్మా అంటే ఏడ్చేసింది, "నోట్సులో ఎప్పుడూ కరెక్టే వస్తుంది కదా" అని. ఆ మాటకి నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

క్లాస్ టీచర్ని కలిశాను. ఆవిడ మంచావిడే, విసుక్కోలేదు. క్లాసులో 45 మంది ఉన్నారు, సిలబస్ టైముకి పూర్తి చెయ్యాలి, మీరు ఇంట్లో కాస్త చూసుకోండి అన్నారు. మరి ఇంట్లో నేనే చూసుకోవాలంటే రోజంతా అక్కడికి పంపడం ఎందుకు అనిపిస్తోంది. నేను డిగ్రీ చదివాను, ఇంటి నుంచి సగం రోజే పని చేస్తాను, టైము ఉంది. మా ఆయన వద్దనడం లేదు, సరేననీ అనడం లేదు. ఎవరైనా ఇలా మాన్పించి చెప్పుకున్నవాళ్లు ఉంటే నిజంగా ఎలా జరిగిందో చెప్పండి. నా వల్ల అవుతుందా అన్నది నాకు పెద్ద టెన్షన్.

జవాబు – పాత టీచరమ్మ

అమ్మా, నేను 31 ఏళ్లు ప్రైమరీ పిల్లలకే చెప్పి రిటైర్ అయ్యాను. ముందుగా, నీ అనుమానం నిజమే, "వాళ్లే నేర్చుకుంటారు" అన్నవాళ్ల మాట పట్టుకుని ఊరుకోకు. పై తరగతులకి వెళ్లేకొద్దీ సైన్సు, సోషల్ అన్నీ చదివి అర్థం చేసుకోవాల్సినవే, అప్పటికీ అక్షరం పట్టుబడకపోతే ప్రతి సబ్జెక్టులోనూ వెనకబడుతుంది, చాలామంది మాత్రం తెలివి తక్కువ అనుకుంటారు.

ఆ టిక్కుల సంగతి చెబుతాను. పీరియడ్ 40 నిమిషాలు, పిల్లలు 45 మంది. ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లాలంటే మనిషికి నిమిషం కూడా రాదు. పైనుంచి చూడటానికి వచ్చేవాళ్లు నోట్సు పూర్తయిందా, దిద్దారా అని చూస్తారు, పిల్లకి వచ్చిందా అని చూసేవాళ్లు నా సర్వీసులో బహు తక్కువ. దాంతో బోర్డు మీద రాయడం, ఎక్కించుకోమనడం, టిక్కు పెట్టడం, ఇదే అలవాటైపోతుంది. నేనూ కొన్నేళ్లు అలాగే చేశాను, ఇప్పటికీ ఆ పిల్లలు గుర్తొస్తే బాధగానే ఉంటుంది. క్లాసులో పిల్లల సంఖ్య నిజంగానే తేడా తెస్తుంది. అమెరికాలో టెనెస్సీ రాష్ట్రంలో 1985 నుంచి 1989 దాకా చిన్న పిల్లల్ని కొందరిని 13 నుంచి 17 మంది ఉండే క్లాసుల్లో, కొందరిని 22 నుంచి 25 మంది ఉండే క్లాసుల్లో వేసి చూస్తే, చిన్న క్లాసుల పిల్లలు చదవడంలోనూ లెక్కల్లోనూ ముందున్నారు. అక్కడి పెద్ద క్లాసు కూడా మీ పాప క్లాసులో సగమే, చూడు.

అయితే మాన్పించే ముందు ఒక పని చెయ్యి. ఎక్కడ ఆగుతోందో కచ్చితంగా కనుక్కో. "చదవడం రాదు" అంటే చాలదు. కమల అని రాసి చూపించు, చదివితే అవే అక్షరాలతో మలక అని రాయి. మలక అనే మాట తను విని ఉండదు కాబట్టి ఊహించలేదు, అక్షరాలు కలిపి చదివితేనే వస్తుంది. అది వస్తే గుణింతాలకి వెళ్లు, కి కీ తేడా, కె కే తేడా. అవీ వస్తే వత్తులు, ముందు అమ్మ, అక్క లాంటివి, తర్వాత వేరే అక్షరం వత్తుగా వచ్చే పద్యం, చక్రం లాంటివి, చివరికి వస్త్రం. ఎక్కడ తడబడిందో అక్కడ గీత గీసుకో, నువ్వు చెప్పాల్సిన పాఠం అక్కడి నుంచే. చాలాసార్లు తల్లిదండ్రులు మళ్లీ అ ఆ నుంచి మొదలుపెడతారు, వచ్చిందే మళ్లీ చెబుతుంటే పిల్లకి విసుగు, రానిదాని దగ్గరికి వచ్చేసరికి అమ్మకి ఓపిక అయిపోతుంది.

52 లోంచి 27 తీస్తే 35 అనడం అజాగ్రత్త కాదమ్మా. 2 లోంచి 7 పోదు కాబట్టి 7 లోంచి 2 తీసింది, పెద్దదాంట్లోంచి చిన్నది తియ్యాలి అని తనకి తానే ఒక రూలు పెట్టుకుంది. ఎంతోమంది పిల్లలు సరిగ్గా ఈ తప్పే చేస్తారు. పుల్లలు తెచ్చి పదేసి కట్టలు కట్టించు. ఐదు కట్టలు, రెండు విడి పుల్లలు ముందు పెట్టి 27 ఇవ్వమను. విడిగా ఏడు లేవు కదా, తనే ఒక కట్ట విప్పుతుంది. అలా చేత్తో విప్పిన తర్వాతే కాగితం మీద పక్కనుంచి తెచ్చుకోవడం అంటే ఏమిటో తెలుస్తుంది.

ఇదంతా ఒక పేజీ మీద రాసుకుని టీచర్ దగ్గరికి మళ్లీ వెళ్లు. "మా పాపకి ఏమీ రావట్లేదండి" అంటే ఆవిడ ఏం చెయ్యగలదు? "వత్తులున్న మాటల దగ్గర ఆగుతోంది, బోర్డు మీదివి ఎక్కించుకునే బదులు తనంతట తను నాలుగు లెక్కలు చేసే వీలు ఇస్తారా, తప్పు చేసినా పర్లేదు, ఆ తప్పు నాకు కనపడాలి" అని అడుగు. చాలామంది టీచర్లు ఒప్పుకుంటారు. ఒప్పుకోకపోతే, పైవాళ్లూ వినకపోతే, అప్పుడు మొహమాటపడి ఆ క్లాసులో కూర్చోబెట్టకు.

జవాబు – సూటిగా

నన్నడిగితే వెంటనే మాన్పించండి. బెంజమిన్ బ్లూమ్ అనే అమెరికా విద్యా పరిశోధకుడు 1984లోనే చెప్పాడు కదా, ఒక్కరికి ఒక్కరు కూర్చుని చెబితే మామూలు పిల్లవాడు కూడా క్లాసులో చదివిన నూటికి 98 మందిని దాటిపోతాడని. 45 మందిలో కూర్చోబెట్టి ఏళ్లు పోగొట్టుకోవడం ఎందుకు?

జవాబు – ఇంటిబడి నాన్న

పైన చెప్పినాయన మాట సగం నిజం. బ్లూమ్ చెప్పినంత తేడా తర్వాత చూసినవాళ్లకి కనిపించలేదు. 2011లో కర్ట్ వాన్‌లేన్ అనే ఆయన అలాంటి పరిశోధనలన్నీ కలిపి చూస్తే లాభం ఉంది, బాగానే ఉంది, కానీ బ్లూమ్ లెక్కలో సగం కూడా లేదు. పైగా బ్లూమ్ చెప్పిన పద్ధతిలో ఒక పాఠం పట్టుబడేదాకా తర్వాతి పాఠానికి వెళ్లరు. ఎదురుగా మనిషి కూర్చుంటే చాలదన్నమాట.

ఇక మా సంగతి. మా అబ్బాయిని రెండో తరగతి మధ్యలో మాన్పించి రెండేళ్లు నేనే చెప్పాను. ఉద్యోగం రాత్రి షిఫ్టుకి మార్చుకున్నాను. మొదటి నెలన్నర ఏమీ జరగలేదు, బెల్లు లేకపోతే ఏం చెయ్యాలో వాడికీ తెలియదు, నాకూ తెలియదు, రోజూ పొద్దున్నే గొడవ. తర్వాత కుదురుకుంది. రోజుకి రెండున్నర గంటలు గట్టిగా కూర్చుంటే చాలు, పాఠాలు అయిపోయేవి. లెక్కల్లో వాడు ఏడాది తిరిగేసరికి భిన్నాలు దాకా వచ్చాడు, వాడికి నచ్చితే ఒకే దాని మీద మూడు రోజులు ఉండేవాళ్లం, అది బడిలో జరగని పని, ఆ రోజులు నాకు ఇప్పటికీ చాలా ఇష్టం.

కష్టం రెండు చోట్ల వచ్చింది. మొదటిది, మిగతా రోజంతా. సాయంత్రం దాకా వాడితో ఆడేవాళ్లు ఎవరూ లేరు, కిటికీ దగ్గర కూర్చుని పిల్లలు ఎప్పుడు వస్తారా అని చూసేవాడు. రెండోది నేను ముందు ఊహించలేదు. నాకు రాయడం ఇష్టం ఉండదు, అందుకని వాడి చేత రాయించడం రోజూ రేపటికి వాయిదా వేశాను. మళ్లీ బడిలో వేసినప్పుడు నాలుగు వాక్యాలు సొంతంగా రాయమంటే వాడు బిత్తరపోయాడు. బడిలో ఒక టీచర్ వదిలేసింది ఇంకో టీచర్ పట్టుకుంటుంది, ఇంట్లో నేను వదిలేసింది పట్టుకునేవాళ్లు ఎవరూ లేరు. కాబట్టి మీరు మొదలుపెట్టే ముందు మీకు ఏది ఇష్టం లేదో, ఏదంటే భయమో రాసుకోండి, అది ఎవరు చెబుతారో ముందే తేల్చుకోండి.

లెక్కలంటే మీకు భయమా? ఉంటే ఇది తెలుసుకోండి. 2015లో వచ్చిన ఒక పరిశోధనలో ఒకటి, రెండు తరగతుల పిల్లల్ని ఏడాది పాటు గమనించారు. లెక్కలంటే భయం ఉన్న తల్లిదండ్రులు హోంవర్కులో తరచుగా సాయం చేస్తే ఆ పిల్లలు ఏడాది చివరికి లెక్కలు తక్కువ నేర్చుకున్నారు, వాళ్లకీ భయం పెరిగింది. తక్కువ సాయం చేసిన చోట అలా జరగలేదు. మిమ్మల్ని వెనక్కి లాగడానికి చెప్పడం లేదండి, 35 అనగానే మీ మొహంలో ఏం కనిపించి ఉంటుందో ఒకసారి గుర్తు చేసుకోండి అంతే.

ఇంకో మాట, మీరు ఏ దేశంలో ఉన్నారో చెప్పలేదు. చట్టం ఎక్కడికక్కడ వేరు. జర్మనీలో బడికి పంపి తీరాలి, ఇంగ్లండ్‌లో ఇంట్లో చెప్పుకోవచ్చు, ఫ్రాన్స్‌లో 2022 నుంచి ముందుగా అనుమతి తీసుకోవాలి. మళ్లీ బడిలో చేర్చాలంటే ఏ కాగితాలు అడుగుతారో కూడా మాన్పించక ముందే కనుక్కోండి. నేను కనుక్కోలేదు, రెండు నెలలు తిరిగాను.

జవాబు – వెనక బెంచీ

ఒకటే చెబుతాను. కళ్లు, చెవులు చూపించారా? మా చెల్లెలి కూతురు పుస్తకంలోంచి రాస్తే బాగా రాసేది, బోర్డు మీదివి రాస్తే అక్షరాలు మారిపోయేవి, తీరా చూస్తే దూరం కనపడటం లేదు. చిన్న పిల్లలకి జలుబు తర్వాత చెవి లోపల నీరు చేరి కొన్నాళ్లు వినికిడి తగ్గడం కూడా మామూలే, అప్పుడు ద, ధ లాంటి దగ్గర శబ్దాల తేడా సరిగ్గా అందదు. ఇవి రెండూ బాగుండి, రోజూ కూర్చోబెట్టి చెప్పినా నెలల తరబడి అక్షరం శబ్దం కలవకపోతే డిస్లెక్సియా (చదవడం, రాయడం కష్టమయ్యే ఇబ్బంది) ఏమో అని, దాని గురించి తెలిసినవాళ్లకి చూపించండి. అది తెలివికి సంబంధించింది కాదు, కొన్ని కుటుంబాల్లో ఉంటుంది. అదే అయితే బడి మార్చినా, ఇంట్లో పెట్టినా, దానికి తగ్గ పద్ధతిలో చెప్పడం తెలిసిన మనిషి కావాలి.

ప్రశ్న అడిగినవారు – మూడో క్లాసు అమ్మ

అందరికీ చాలా థాంక్స్. పది రోజుల తర్వాత రాస్తున్నాను.

కళ్లు, చెవులు చూపించాం, బాగానే ఉన్నాయి. టీచరమ్మ గారూ, మీరు చెప్పినట్టే చేశాను. మలక చదివింది! నాకు సగం ప్రాణం లేచొచ్చింది. గుణింతాల్లో కె, కే దగ్గర కొంచెం తికమక, అమ్మ, అక్క వచ్చాయి, పద్యం దగ్గర ఆగింది. చక్రం, వస్త్రం అసలు రాలేదు. అంటే నేను అనుకున్నంత ఏమీ రాకపోవడం కాదు, వత్తుల దగ్గర క్లాసు ముందుకెళ్లిపోయింది, తను అక్కడే ఉండిపోయింది, ఆ పైన అంతా నోటికి పట్టుకుని నెట్టుకొచ్చింది. ఎనిమిదేళ్ల పిల్ల ఇన్నాళ్లు ఎంత కష్టపడి దాచుకుందో తలుచుకుంటే కడుపు తరుక్కుపోతోంది.

క్లాస్ టీచర్‌కి ఆ పేజీ ఇచ్చాను. ఆవిడ చాలాసేపు చూసి, ఇలాంటి వాళ్లు క్లాసులో ఇంకా ఉంటారండి అన్నారు. పాపని ముందు వరసలో కూర్చోబెట్టారు, రోజూ నాలుగు లెక్కలు సొంతంగా చెయ్యనిస్తున్నారు. నిన్న నోట్సులో మొదటిసారి రెండు తప్పు గుర్తులు కనిపించాయి, నిజం చెప్పాలంటే ఆ టిక్కులన్నిటికంటే అవే నాకు ధైర్యం ఇచ్చాయి.

ఇప్పటికైతే మాన్పించడం లేదు. ఈ ఏడాది చివరిదాకా పొద్దున్న 25 నిమిషాలు నేను కూర్చుంటాను, తెలుగు నేను, లెక్కలు మా ఆయన, ఎందుకంటే ఇంటిబడి నాన్న గారు రాసింది చదివి నిజాయితీగా ఆలోచిస్తే ఆ భయం నాకు ఉంది. అప్పటికి వత్తులు రాకపోతే, లేదా వచ్చే ఏడాది క్లాసు ఇంకా పెరిగితే, అప్పుడు ఇంట్లో చెప్పుకోవడం గురించి మళ్లీ మాట్లాడుకుందాం అనుకున్నాం.

టీచరమ్మ గారూ, ఒక సందేహం. పుల్లల కట్టలతో 52 లోంచి 27 ఇప్పుడు చేస్తోంది. కానీ 503 లోంచి 178 అంటే పదుల దగ్గర సున్నా ఉంది కదా, విప్పడానికి కట్టే లేదు అంటోంది. వందని ఎలా చూపించాలి, పది కట్టలు కలిపి ఇంకో పెద్ద కట్ట కట్టించనా?

జవాబు – పాత టీచరమ్మ

అంతేనమ్మా, పెద్ద కట్టే. తన చేతే కట్టించు, పది కట్టలూ లెక్కపెట్టుకుంటూ. విప్పేటప్పుడు ఒకేసారి విడి పుల్లలు చెయ్యనివ్వకు, ముందు పెద్ద కట్ట విప్పితే పది చిన్న కట్టలు వస్తాయి, వాటిలో ఒకటి విప్పితే పది పుల్లలు. అక్కడ సున్నా పోయి తొమ్మిది ఎందుకు మిగిలిందో నువ్వు చెప్పకు, తననే కట్టలు లెక్కపెట్టమను.