ఆస్పత్రి బీపీ, ఇంటి బీపీ: ఏ నంబరు నమ్మాలి?

గోదావరిగట్టు:
నాకు 43 ఏళ్ళు. షుగర్ లేదు, సిగరెట్ అలవాటు లేదు. పోయిన వారం ఆఫీసు హెల్త్ చెకప్‌లో బీపీ 158/96 అన్నారు. లిఫ్ట్ పనిచేయక మూడంతస్తులు మెట్లెక్కి, వరుసలో నిలబడి, కూర్చున్నానో లేదో పట్టీ కట్టేశారు. డౌటొచ్చి ఇంటికో మిషన్ కొన్నాను. అది ఇంకా పిచ్చెక్కిస్తోంది. నిన్న ఒక్కరోజే పైది 149, 138, 161, 127. అమ్మేమో "మాత్ర మొదలెడితే కాటిదాకా వదలదురా, వద్దు" అంటుంది. మా ఆవిడ "ఇవాళే డాక్టరు దగ్గరికి పద" అంటుంది. ఇంట్లో మిషన్ వాడేవాళ్ళు ఎలా చూసుకుంటున్నారు?

ఓరుగల్లు_సిస్టర్:
డాక్టరు దగ్గరికి ఎట్లాగూ పోవాలన్నా. 158 అంటే వదిలేసే నంబరు కాదు. ముందు ఒకటి చెప్పండి, నిన్న ఎక్కడ కూర్చుని చూసుకున్నారు? చేయి ఎక్కడ పెట్టారు?

గోదావరిగట్టు:
161 వచ్చినప్పుడు మంచం అంచున కూర్చున్నా. కాళ్ళు వేలాడుతున్నాయి, చేయి ఒళ్ళో ఉంది. పట్టీ చొక్కా మీదే కట్టాను. మధ్యలో పిల్లాడు పదమూడో ఎక్కం అప్పజెబుతుంటే తప్పు దిద్దాను కూడా. 127 రాత్రి పడుకోబోయే ముందు వచ్చింది.

ఓరుగల్లు_సిస్టర్:
నవ్వొచ్చింది, ఏమనుకోకండి. ఓపీలో రోజూ చూసేదే ఇది. చేయి గుండె ఎత్తుకంటే కిందికి ఉంటే ఎక్కువ చూపిస్తది. మాట్లాడితే ఎక్కువ, కాలు మీద కాలేసుకుంటే ఎక్కువ, మూత్రం ఆపుకుని కూర్చున్నా ఎక్కువే.

మా నాన్నకు నేను ఇట్లా చూస్తా. వీపు ఆనించే కుర్చీ. కాళ్ళు రెండూ నేల మీద. చేయి డైనింగ్ టేబుల్ మీద. పట్టీ ఒంటిమీదే, మోచేయి మడతకు రెండు వేళ్ళ పైన. టీ, కాఫీ, వాకింగ్ ఏది అయినా అరగంట ఆగాలి. ఆ తర్వాత ఐదు నిమిషాలు ఊరికే కూర్చోవాలి, ఫోన్ కూడా వద్దు. నిమిషం తేడాతో రెండుసార్లు చూసి రెండూ రాయాలి. పొద్దున టిఫిన్‌కీ మాత్రకీ ముందు, మళ్ళీ రాత్రి. ఏడు రోజులు అట్లా రాసి, మొదటిరోజువి కొట్టేసి మిగతావాటి సగటు తీయండి. ఆస్పత్రిలో గీత 140/90 అయితే, ఇంటి సగటుకి 135/85. అది దాటితే ఎక్కువన్నట్టే.

ఇంకొకటి, జబ్బ చుట్టుకొలత టేపుతో కొలవండి. పట్టీ మీద ఎన్ని సెంటీమీటర్లని రాసుంటది. లావు చేతికి చిన్న పట్టీ కడితే లేని బీపీ చూపిస్తది.

180/120 దాటి, దాంతోపాటు ఛాతీనొప్పి, ఆయాసం, మూతి వంకర, చేయి పట్టు తప్పడం ఏది ఉన్నా ఈ లెక్కలేమీ వద్దు, వెంటనే 108.

పెసరట్టు_ఉప్మా:
ఇంత తతంగమా! మా తాత రోజూ ఆవకాయ తిన్నాడు, బీపీ అంటే ఏంటో తెలీదు, 88 ఏళ్ళు బతికాడు.

నైట్‌షిఫ్ట్_రాజు:
మీ తాత రోజుకెంత దూరం నడిచాడో కూడా చెప్పండి సార్. మా నాన్నది గోదావరిగట్టు గారికి తిరగబడ్డ కేసు. ఆస్పత్రిలో ఎప్పుడు చూసినా 130 లోపే, "బ్రహ్మాండం" అని పంపించేవాళ్ళు. ఇంట్లో పొద్దున్నే 150కి తగ్గేది కాదు. ఇంట్లో చూసిన నంబర్లు రాసిన పుస్తకం చూపించాకే మాత్ర రాశారు. గురక గట్టిగా పెట్టేవాడు, దానికి కూడా పరీక్ష చేయించమన్నారు.

మిషన్ కొనలేనివాళ్ళకి ఒక మాట. 30 దాటినవాళ్ళకి పీహెచ్‌సీలో (ప్రభుత్వ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో) బీపీ, షుగర్ ఉచితంగానే చూస్తారు.

కడప_కారం:
బీపీ సంగతి సిస్టర్ చెప్పేశారు కాబట్టి నేను ఉప్పు సంగతి చెప్తా. ఉప్పు ప్యాకెట్ చింపినరోజు దానిమీద స్కెచ్ పెన్నుతో తేదీ రాయండి. మా ఇంట్లో ముగ్గురం. కిలో ప్యాకెట్ 21 రోజుల్లో ఖాళీ! మనిషికి రోజుకి దాదాపు 16 గ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది 5 గ్రాముల లోపు, అంటే ఒక టీస్పూను. చేపలు కడగడానికి పోయిన ఉప్పు తీసేసినా దాదాపు మూడు రెట్లు. కొన్న అప్పడాలు, ఊరగాయ, సాయంత్రం మిక్స్చరు ఇందులో లేనే లేవు.

కూరలో తగ్గిస్తే ఇంట్లో యుద్ధాలు జరిగాయి. మజ్జిగలో, పెరుగన్నంలో మానేస్తే ఎవరూ కిక్కురుమనలేదు. చారులో నిమ్మకాయ పిండితే సగం ఉప్పు సరిపోతోంది. ఇప్పుడు ప్యాకెట్ 34 రోజులొస్తోంది. 10 గ్రాములన్నమాట, ఇంకా దిగాలి. ఆవకాయ జాడీ మాత్రం నేను ముట్టుకోను, అత్తయ్యగారి సామ్రాజ్యం అది.

పెసరట్టు_ఉప్మా:
బజార్లో లో సోడియం ఉప్పు దొరుకుతోందిగా, అది తెచ్చుకుంటే పోలా?

పలాస_జీడిపప్పు:
కొంచెం ఆగండి. అందులో సోడియం తగ్గించి పొటాషియం కలుపుతారు. చాలామందికి మంచిదే కానీ, కిడ్నీ దెబ్బతిన్నవాళ్ళకి ఒంట్లో పొటాషియం పేరుకుని గుండెకే ప్రమాదం. కొన్ని బీపీ మాత్రలతో కూడా అంతే. మాది ఉద్దానం వైపు, కిడ్నీ జబ్బు లేని వీధి ఉండదు. మా అన్నయ్యకి ఆ ఉప్పు వద్దని డాక్టరు మరీ మరీ చెప్పారు. కిడ్నీ ఎలా ఉందో చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష చేయించుకున్నాకే కొనండి.

గోదావరిగట్టు:
పది రోజుల తర్వాత వస్తున్నా. జబ్బ కొలిస్తే 35 సెంటీమీటర్లు. మిషన్‌తో వచ్చిన పట్టీ 22 నుంచి 32 వరకే! పెద్ద పట్టీ విడిగా తెప్పించి, సిస్టర్ చెప్పినట్టే ఏడు రోజులు రాశాను. సగటు 131/83. డాక్టరుగారు పుస్తకం తిరగేసి, ఈసీజీ, రక్తం, మూత్రం పరీక్షలు చేయించి, "మాత్ర ఇప్పుడే వద్దు, అలాగని గీతకి దూరంగానూ లేవు" అన్నారు. రోజూ అరగంట నడక, నాలుగు కిలోల బరువు తగ్గడం, ఉప్పు తగ్గించడం. మూడు నెలలయ్యాక మళ్ళీ రమ్మన్నారు.

అసలు ట్విస్టు వేరే ఉంది. పాత పట్టీ ఖాళీగా ఉందని అమ్మకి కట్టి చూశాను. ఆవిడ సన్నం, కొలత సరిపోయింది. మూడు రోజులుగా 152, 148, 155. అమ్మ "మిషన్ పాడైపోయిందిరా" అంటుంది.

ఓరుగల్లు_సిస్టర్:
అమ్మగారికీ ఒక పుస్తకం మొదలుపెట్టండి. మోకాళ్ళ నొప్పులకి గోళీలేమైనా వేసుకుంటున్నారా?

గోదావరిగట్టు:
ఇప్పుడే ఆవిడ మందుల డబ్బా తీశాను. కత్తిరించిన స్ట్రిప్పులు, డైక్లోఫెనాక్ అని ఉంది. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకుంటోందట, రెండేళ్ళుగా, రోజూ ఒకటి. నాకు చెప్పనేలేదు.

ఓరుగల్లు_సిస్టర్:
అది బీపీని పెంచగలదు, కిడ్నీకీ మంచిది కాదు. ఆ స్ట్రిప్పులు కవర్లో వేసి రేపు ఆమెతోపాటు తీసుకుపోండి. క్రియాటినిన్ కూడా అడగండి. ఇంట్లో తిట్టకండి, దాచిపెట్టడం మొదలుపెడతారు.