కెగ్‌లోనే పులిసిన బీరు: చల్లబరిస్తే గేజ్ ముల్లు పడిపోతోంది, లీకేనా?

ప్రశ్న:
నమస్కారం అండీ. 19 లీటర్ల స్టీలు కెగ్‌లో 15 లీటర్ల వోర్ట్ (ఇంకా పులియని మాల్టు రసం) పోసి ఈస్ట్ కలిపాను. మొదటి ఉధృతి తగ్గాక స్పండింగ్ వాల్వ్ (పెట్టిన ఒత్తిడి దాటితే గ్యాస్‌ని బయటికి వదిలేది) బిగించి 12 పీఎస్ఐ ఒత్తిడికి పెట్టాను. బీరు 20 డిగ్రీల్లో ఉన్నన్నాళ్లూ ముల్లు 12 మీదే ఉంది. పులియడం అయిపోయాక 4 డిగ్రీలకు చల్లబరిస్తే దాదాపు సున్నాకి వచ్చేసింది. గ్లాసులో పోస్తే నురగ నిలవట్లేదు. మూత దగ్గర కారుతోందంటారా? నా దగ్గర గ్యాస్ సిలిండర్ లేదు.

జవాబు:
ముందు మూత అంచుకీ, రెండు పోస్టులకీ (గ్యాస్, బీరు గొట్టాలు తగిలించే మూతులు) సబ్బునీళ్లు రాసి చూడండి. బుడగ రాకపోతే లీకు లేనట్టే. నాకైతే వాల్వ్ తక్కువకి పెట్టారనిపిస్తోంది. ఆ 12 పీఎస్ఐ అనేది చల్లటి బీరుకి సరిపోయే లెక్క. 4 డిగ్రీల్లో 12 పీఎస్ఐ ఉంటే బీరులో దాదాపు 2.5 వాల్యూముల గ్యాస్ (అంటే లీటరు బీరులో రెండున్నర లీటర్ల గ్యాస్) కరిగి ఉంటుంది, అది మామూలు బీరుకి చక్కగా సరిపోతుంది. అదే 20 డిగ్రీల్లో 12 పీఎస్ఐకి కరిగేది ఒకటిన్నర వాల్యూములే. మిగతాదంతా వాల్వ్ బయటికి వదిలేసింది. ఉన్న కాస్త గ్యాసూ చలికి బీరులోకి దిగిపోతుంది కాబట్టి ముల్లు ఒకటి రెండు పీఎస్ఐకి పడిపోతుంది. మీరు చూసింది సరిగ్గా అదే.

20 డిగ్రీల్లో 2.5 వాల్యూములు కావాలంటే వాల్వ్ 29 పీఎస్ఐ దగ్గర ఉండాలి. ఈ కెగ్‌లు సాధారణంగా 130 పీఎస్ఐ వరకు తట్టుకునేలా చేసినవే, భయం లేదు. మీ కెగ్ మీద ముద్రించిన అంకె మాత్రం ఒకసారి చూసుకోండి. ప్లాస్టిక్ పాత్రలకి ఈ లెక్క వర్తించదు, వాటి హద్దు చాలా తక్కువ.

ప్రశ్న అడిగినవారు:
అర్థమైందండీ. మరి ఈ బీరుని ఇప్పుడేం చెయ్యాలి?

జవాబు:
చక్కెరతో బాగుచేసుకోవచ్చు. లీటరుకి 4 గ్రాముల చక్కెర దాదాపు ఒక వాల్యూము గ్యాస్ ఇస్తుంది. 15 లీటర్లకి 60 గ్రాములు. పైన 4 లీటర్ల ఖాళీ కూడా ఆ ఒత్తిడికి నిండాలి కదా, అందుకని 90 దాకా వెయ్యండి. కాసిని నీళ్లలో మరిగించి చల్లార్చండి. బీరు చల్లగా ఉండగానే గ్యాస్ వదిలి, మూత తీసి, అంచు వెంట మెల్లగా పోయండి. పొడి చక్కెర మాత్రం వెయ్యొద్దు, నురగ ఒక్కసారిగా పైకి పొంగుతుంది. మూత బిగించి మళ్లీ 20 డిగ్రీలకు తెచ్చి, వాల్వ్ 29కి పెట్టండి. మిగిలి ఉన్న ఈస్టే ఆ చక్కెరని తినేస్తుంది. ముల్లు పైకెక్కడం ఆగాక మరో రెండు మూడు రోజులు ఓపిక పట్టి అప్పుడు చల్లబరచండి.

ఇంకొకరు:
వచ్చేసారికి చక్కెరతో పని లేకుండా ఒక మాట. గ్రావిటీ (నీటితో పోలిస్తే బీరు సాంద్రత) 1.010 దగ్గర ఆగుతుందనుకుంటే 1.015 కి వచ్చినప్పుడే వాల్వ్ 29 మీద పెట్టెయ్యండి. పులియడానికి మిగిలిన ఒక్కో పాయింటూ (0.001) దాదాపు అర వాల్యూము గ్యాస్ ఇస్తుంది. గ్రావిటీ కొలిచే హైడ్రోమీటర్ చూసేముందు శాంపిల్‌లోని గ్యాస్ బాగా కలిపి పోగొట్టండి, లేకపోతే బుడగలు హైడ్రోమీటర్‌ని పైకి లేపి అంకె ఎక్కువ చూపిస్తాయి.

నురగ ఉధృతంగా ఉన్న రోజుల్లో మాత్రం వాల్వ్ వద్దు. గ్యాస్ పోస్టుకి లావుపాటి ట్యూబ్ పెట్టి, రెండో కొస నీళ్ల బకెట్‌లో ముంచి వదిలెయ్యండి. నురగతో పాటు వచ్చే హాప్ (బీరుకి చేదునిచ్చే పువ్వు) తుక్కు వాల్వ్‌లో ఎండితే అది తెరుచుకోదు, అప్పుడు ఒత్తిడికి అడ్డూ అదుపూ ఉండదు. మూత మీది సేఫ్టీ వాల్వ్ రింగుని ఒకసారి లాగి, కదులుతోందో లేదో చూసుకోండి.

ప్రశ్న అడిగినవారు:
మొదటి రోజు నుంచే ఒత్తిడి పెడితే రుచి మారుతుందా?

జవాబు:
మారుతుంది. ఒత్తిడిలో ఈస్ట్ పండ్ల వాసనలు తక్కువ పుట్టిస్తుంది. లాగర్ అనే తేట రుచి బీరుకి అది మేలే. అరటిపండు వాసన రావాల్సిన గోధుమ బీరుకి మాత్రం పులియడం చివరికొచ్చేదాకా ఒత్తిడి పెట్టొద్దు.